వాటం చూసుకోండి

పోయిన ఏడాది ఆరు నెలలు డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పదహారేళ్ల మా మనవడికి అక్కడో పెంపుడు ఊసరవెల్లి ఉంది. వెయిల్డ్ కమీలియన్ అనే రకం. సొంతూరు యెమెన్, సౌదీ కొండలు. తల మీద కిరీటం పెట్టినట్టు ఎత్తుగా ఉంటుంది. నాలుగడుగుల ఎత్తు జాలీ పంజరం, అందులో మనీ ప్లాంటు తీగలు, పైన లైట్లు. అదీ దాని సంసారం.

మనవడు మూడు రోజులు స్కూలు క్యాంపుకు వెళుతూ దాన్ని నాకప్పగించాడు. "తాతయ్యా, పొద్దున లైటు వెలిగేముందు రెండు నిమిషాలు నీళ్లు చల్లు. రాత్రి లైటు ఆరాక ఇంకో రెండు నిమిషాలు. మధ్యలో మాత్రం ఏమీ చెయ్యకు" అన్నాడు.

చేశాను. ఊసరవెల్లి మామూలుగా గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీది చుక్కలు నాకుతుంది. మధ్యాహ్నం చూస్తే ఆకులు పొడిపొడిగా ఉన్నాయి. పాపం, నోరెండిపోతోందేమో అనిపించింది. చల్లాను. మూడింటికి ఇంకోసారి, టీ తాగి ఇంకోసారి. మూడో రోజు కింద హాల్లోంచి మా అమ్మాయి కేకేసింది: "నాన్నా, సీలింగ్ మీద ఈ మరకేంటి?"

పైకెళ్లి చూస్తే పంజరం అడుగున ట్రే నిండి పొర్లింది. కార్పెట్ మీద కాలు పెడితే చప్చప్‌మంటోంది. కుండీ మట్టి ముక్కిన వాసన. పగటిపూట ముప్పై నుంచి యాభై శాతం మధ్య ఉండాల్సిన తేమ, మీటర్లో 88 చూపిస్తోంది. ఆ సాయంత్రమే తిరిగొచ్చిన మనవడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటేనే బాగుండేది.

ఎంత మంచి మనసుతో పోశామన్నది నీళ్లకు తెలియదండీ. పోయే దారి ఉందా లేదా, అంతే. దాని సొంత కొండల్లో రాత్రి మంచు కురుస్తుంది, ఆకులన్నీ తడుస్తాయి. తెల్లారాక ఎండా గాలీ కలిసి ఆ తడిని ఆరబెట్టేస్తాయి. రాత్రి చల్లదనంలో తేమ ఎనభై దాటినా దానికి హాయే. అదే తేమ పగలంతా వేడి లైటు కింద, గాలి ఆడకుండా నిలిచిపోతే బూజు పడుతుంది, ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. నోరు తెరిచి, తల పైకెత్తి ఊపిరి కోసం తంటాలు పడుతోందంటే వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. తడవడం ఎంత ముఖ్యమో ఆరడమూ అంతే ముఖ్యం.

ఇప్పుడు మీ పిల్లల సంగతికి రండి. "చదివావా? తిన్నావా? ఆ ఫోను పక్కన పెట్టు. ఫలానావాళ్లబ్బాయిని చూడు..." పొద్దున్నుంచి రాత్రి దాకా జల్లు ఆగదు. చెప్పింది బుర్రలోకి ఇంకడానికి వ్యవధి ఉండదు. మనకు పొడిగా కనిపించిన ప్రతిసారీ చల్లేస్తాం. రోజుకు రెండుసార్లు చెప్పండి, చాలు. మధ్యలో నోరు కట్టేసుకోండి. కష్టమే, నాకూ చేతకాలేదని చెప్పాను కదా.

దాహం వేసిందో లేదో ఆకుల్ని చూసి చెప్పకూడదట. ఊసరవెల్లినే చూడాలి. కళ్లు గుంటలు పడ్డాయా? రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముద్ద ముదురు పసుపుకో నారింజకో తిరిగిందా? అప్పుడు నీళ్లు చాలడం లేదని అర్థం. నేను మూడు రోజులూ ఆకుల్ని చూశాను తప్ప ఒక్కసారీ దాని కళ్లలోకి చూడలేదు. మార్కుల కార్డు చూసి పిల్లవాడి మనసు తెలిసిపోయిందనుకునే తండ్రికీ నాకూ పెద్ద తేడా లేదు.

మర్నాడు తాతా మనవళ్లం రిపేరు మొదలెట్టాం. ట్రే నడిమధ్య డ్రిల్లుతో బెజ్జం పెట్టి, రబ్బరు వాషరు వేసి, చిన్న పైపు బిగించాడు. పంజరాన్ని స్టాండు మీదికి ఎక్కించి, పైపు కొస కింద బకెట్లోకి వదిలాడు. గ్లాసుడు నీళ్లు పోసి చూశాం. ఓ మూల మడుగు కట్టింది. అక్కడ నా అనుభవం అక్కరకొచ్చింది. మన ఇళ్లలో బాత్రూం గచ్చు చేశాక మేస్త్రీ చెంబెడు నీళ్లు కుమ్మరించి తూము వైపు పారుతున్నాయో లేదో చూస్తాడు, గుర్తుందా? దాన్నే వాటం అంటాం. బెజ్జం ఉంటే సరిపోదు, వాటం ఉండాలి. రెండు అట్టముక్కలు మడిచి ట్రే అంచుల కింద దోపాను. నీళ్లు గిర్రున బెజ్జంలోకి దిగాయి. "తాతయ్యా, సూపర్!" అన్నాడు. పోయిన పరువు సగం తిరిగొచ్చింది.

మీ రోజుకు వాటం ఉందా? ఆఫీసు చిరాకు, వార్తల గోల, వాట్సాప్ గ్రూపులు, చుట్టాల మాటలు అన్నీ లోపలికి పోస్తూనే ఉంటాం. బయటికి పోయే బెజ్జం చాలామందికి ఉంటుంది. స్నేహితుడు ఉంటాడు, డైరీ ఉంటుంది, సాయంత్రం నడక ఉంటుంది. కానీ రోజు అటువైపు వాలి ఉండదు. "తీరికైతే నడుస్తా" అంటే అది వాటం లేని గచ్చే. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలోనే పార్కు దగ్గర బండి ఆపేయండి. నడవాలా వద్దా అని ఆలోచించే పనే ఉండదు.

బకెట్ సంగతి మరిచాను. వారం పోయాక అదీ నిండి పొర్లింది. తూము పెట్టాం కదా అని ఎవరమూ అటు చూడలేదు. అప్పట్నుంచి రాత్రి పళ్లు తోముకునే ముందు బకెట్ పారబోయడం వాడి పని. మీ చిరాకులు వినిపెట్టే భార్యో, స్నేహితుడో కూడా బకెట్టే. వాళ్లకూ ఓ అంచు ఉంది. ఎప్పుడైనా వాళ్లనూ చెప్పనివ్వండి.

రంగులు మార్చే నాయకుల్ని మనం ఊసరవెల్లులని తిడతాం కానీ పాపం అది మోసగత్తె కాదు. వేడికి, కోపానికి, పోటీకొచ్చిన మగదాన్ని చూసినప్పుడు రంగు మారుతుంది. చర్మం లోపలి సన్నటి స్ఫటికాల వరుస సర్దుకోవడమే దీనికి అసలు కీలకమని, పాంథర్ అనే మరో రకంలో జెనీవా శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. లోపల ఉన్నదాన్ని దాచుకోలేని ప్రాణి అది.

చివరగా ఒక మనవి. ఇది చదివి మన పొలం గట్టున కనిపించిన ఊసరవెల్లిని ఇంటికి పట్టుకురాకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన ఊసరవెల్లికి రక్షణ ఉంది. పట్టుకోవడం, పెంచుకోవడం నేరం. కనిపిస్తే పిల్లలకు చూపించి, ఆ కొమ్మ మీదే వదిలేయండి.