లెస్టరులోని మేనల్లునికి



నీవు కౌన్సిలువారి వద్ద సాగుకు అలాట్‌మెంటు మడి అద్దెకు తీసికొంటివనియు, తీసికొన్న వారములోనే డజను పండ్లపొదలకు డబ్బు కట్టితివనియు మీ అమ్మ ఫోనులో చెప్పినది. మొదటి మాట విని ఎంత సంతోషించితినో రెండవ మాట విని అంత వ్యాకులపడితిని. పది రాడ్ల మడి యనగా సుమారు 250 చదరపు మీటర్లు. చోటు చాలదను బెంగ లేదు. ఏండ్ల తరబడి బీడుపడిన ఆ నేలలో ఏమున్నదో త్రవ్వి చూచితివా?

బైండ్‌వీడ్ ఉండకపోదు. తెల్లని పువ్వు పూసి ముద్దుగా కనబడు ఆ తీగ వేళ్ళు మందపు సేమియావలె తెల్లగా, పెళుసుగా ఉండి, పార తగిలిన చోటనెల్ల తెగి, తెగిన ప్రతి ముక్కయు వేరొక తీగయై మొలచును. కూరమడినైన ఏటేట తిరుగవేయవచ్చును గాని, పది పదునైదేండ్లు ఒకేచోట కదలక నిలుచు బ్లాక్‌కరంట్ వేళ్ళలోనికి అది చొచ్చినచో, పొదను పెరికిననేగాని దానిని తీయలేము. అద్దెకు రొటవేటరు తెచ్చెదవేమో, సుతరామూ వలదు. ముక్కలు చేసి మడియంతటను చల్లుటకు అంతకు మించిన యంత్రము లేదు.

కోనసీమలో మీ తాతగారు అరటి వేయుటకు ముందు మమ్మందరిని బుట్టలతో కూర్చుండబెట్టి తుంగగడ్డలు ఏరించెడివారు. మీ అమ్మ అప్పటికి పసిది. ఆ గడ్డల సువాసనకు మురిసి, మేము ఏరినవానిని ముక్కువద్ద పెట్టుకొని చూచి మరల మడిలోనే పారవేసెడిది. ఆమెను ఒక్కమాట యనుటకు తాతగారికి నోరు రాలేదు, మాకు మాత్రము చీవాట్లు. నీవును అట్లే నాటుటకు ముందు వేళ్ళు ఏరవలెను. నడుము వంచి ఒక్కనాడే అంతయు త్రవ్వబోకుము.

ఈ శీతకాలము నాలుగు పొదలకు చాలినంత నేలను మాత్రము చేతితో ఏరి శుభ్రపరచి, తక్కిన మడిపై వెలుతురు చొరని నల్లని పట్టా కప్పి ఉంచుము. మిగిలిన పొదలను పెద్ద కుండీలలో నాటినచో ఏడాది ఓర్చుకొనును. బ్లాక్‌కరంట్‌ను నర్సరీలో మట్టి అంటిన గుర్తుకంటె 5 సెంటీమీటర్లు లోతుగ నాటి, కొమ్మలను నేలపై ఒకటి రెండు మొగ్గల వరకు నిర్దయగా కత్తిరింపుము. మరుసటి వేసవి పండ్లు పోయినను పొద మొదలునుండి క్రొత్త కొమ్మలు లేచును. రెడ్‌కరంట్, గూస్‌బెర్రీలకు ఈ పద్ధతి తగదు. అవి పొట్టి కాండముపై నిలువవలెను. పొదకు పొదకు నడుమ మీటరున్నర యుండనిమ్ము. పండు రంగు తిరుగకముందే వల కప్పుము, లేనిచో బ్లాక్‌బర్డులు నీకంటె ముందు లేచును. పచ్చి గూస్‌బెర్రీలతో మీ అత్తయ్య చేయు పప్పు నీకిష్టమని నేనెరుగుదును. కావున రెండు పొదలు అవియే వేయుము.

వచ్చు శనివారము ఒక మూల పార లోతు త్రవ్వి, ఎట్టి వేళ్ళు బయటపడినవో నాకు వ్రాయుము. దానికి నా జవాబు అందువరకు ఒక్క పొదయు నేలలో పెట్టవలదు.