లమ్తపుట్ కొండలలో విహారం

కొండమీద సరస్సు ఉన్న ఊరు అనగానే ఉదకమండలమో, కొడైకెనాలో గుర్తుకు వస్తాయి. వేసవి సెలవులలో ఎందరో అక్కడికి వెళ్లి పడవలు ఎక్కి, చల్లగాలి పీల్చి తిరిగివస్తారు. ఆ సరస్సులు ప్రకృతి ఇచ్చినవి కావని వారిలో కొద్దిమందికే తెలుసు. ఉదకమండలం సరస్సు 1824లో, కొడైకెనాల్ సరస్సు 1863లో మనుషులు కట్టించినవే. వాగుకు అడ్డుకట్ట వేస్తే లోయ నిండి సరస్సు అవుతుంది.

అలాంటి నీటి సీమ తూర్పు కనుమలలోనూ ఉంది. అదే ఒడిశాలోని కోరాపుట్ సీమ. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ప్రాంతం 1936 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1992లో పాత కోరాపుట్ జిల్లా కోరాపుట్, నవరంగపూర్, మల్కాన్‌గిరి, రాయగడ అనే నాలుగు జిల్లాలయింది. కోరాపుట్, జయపురం, రాయగడ పట్టణాలలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండోల్ వెళ్లే రైలు కోరాపుట్‌లో ఆగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960ల దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. సొరంగాలు, వంతెనలు దాటుతూ రైలు కొండ ఎక్కుతుంటే కిటికీ దగ్గర కూర్చున్నవారికి కాలం తెలియదు.

ఊరి పేర్లు

కోరాపుట్, లమ్తపుట్, జోలాపుట్ - ఈ పేర్లన్నిటి చివరా 'పుట్' ఉంది. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు వస్తే అదే మాట ముంచంగిపుట్టు వంటి పేర్లలో 'పుట్టు' అయింది. దానికి పల్లె అని అర్థం చెబుతారు. కోరాపుట్ అంటే ముసిడిచెట్ల పల్లె అని ఒక అభిప్రాయం. రాష్ట్రాల హద్దు మ్యాపు మీద గీత. ఊళ్ల పేర్లు ఆ గీతకు రెండు వైపులా ఒక్కటే.

మొదటి రోజు: కోరాపుట్, దేవమాలి

కోరాపుట్‌లో శబర శ్రీక్షేత్రమనే జగన్నాథాలయం, దాని దగ్గరే ఆదివాసుల మ్యూజియం ఉన్నాయి. కొండజాతుల పనిముట్లు, నగలు, వస్త్రాలు అక్కడ చూడవచ్చు. పట్టణానికి సమీపంలోనే కొలాబ్ నదిపై కట్టిన జలాశయం ఉంది. ఉదయపు మంచు విడిపోయేవేళ నీటి నడుమ చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి. అవి నిజానికి దీవులు కావు, మునిగిన కొండల శిఖరాలు.

సాయంత్రానికి దేవమాలి చేరవచ్చు. దీని ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో ఇంతకంటే ఎత్తయిన శిఖరం లేదు. పైనుంచి చూస్తే కొండలు ఒకదాని వెనుక ఒకటి అలలవలె కనిపిస్తాయి.

రెండో రోజు: నందపురం, జోలాపుట్

నందపురం జయపురం రాజుల పాత రాజధాని. అక్కడ ముప్పైరెండు మెట్ల రాతి సింహాసనం ఉంది. 17వ శతాబ్దంలో రాజధాని జయపురానికి మారింది. ఆ వంశపు మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

నందపురం దాటి వెళితే మాచ్‌ఖండ్ నదిపై కట్టిన జోలాపుట్ జలాశయం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని మాడుగుల కొండలలో పుట్టిన ఈ నది రెండు రాష్ట్రాల సరిహద్దు వెంట ప్రవహిస్తుంది. జలాశయంలో సుమారు 34 టి.ఎం.సి.ల నీరు నిలుస్తుంది. పూర్తి నీటిమట్టం 2,750 అడుగులు. నిండుగా ఉన్నప్పుడు కట్టమీద నిలబడితే కనుచూపు మేర నీరే. అవతలి ఒడ్డున కొండలు నీలంగా కనబడతాయి.

ఆ నీటి అడుగున ఏముంది? ఒకప్పుడు అక్కడ ఊళ్లు ఉండేవి. లోయలోని మెత్తని నేల మీద వరి మళ్లు ఉండేవి. కొండవాలులో చోళ్లు పండించే రైతుకు లోయలోని తడిపొలమే పెద్ద ఆస్తి. ఆనకట్ట కట్టగానే ముందు మునిగింది ఆ పొలాలే. మాచ్‌ఖండ్, కొలాబ్ జలాశయాల కోసం వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచి వెళ్లాయి. వారిలో ఎక్కువమంది ఆదివాసులు, దళితులు. మాచ్‌ఖండ్ కింద పొలం పోయినవారిలో చాలామందికి బదులు భూమి దక్కలేదు.

మూడో రోజు: లమ్తపుట్, డుడుమ, ఒనకఢిల్లీ

లమ్తపుట్ చుట్టుపక్కల గదబల పల్లెలు ఎక్కువ. గదబలలో కొందరి భాష గుతోబ్, అది ముండా కుటుంబానిది. మరి కొందరిది ఒల్లారి, అది తెలుగువలె ద్రావిడ భాష. పల్లె నడుమ చెట్టు కింద పెద్ద పెద్ద బండరాళ్లు గుండ్రంగా కనిపిస్తాయి. దానిని సదర్ అంటారు. చనిపోయిన పెద్దల జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లు అవి. ఊరి పెద్దలు అక్కడే కూర్చుని తగవులు తీరుస్తారు. కొత్తవారికి అవి ఉట్టి రాళ్లుగా కనిపించవచ్చు. ఆ పల్లెకు అవి పూర్వీకులూ, న్యాయస్థానమూ కూడా. అడగకుండా వాటిమీద ఎక్కడం మర్యాద కాదు.

గదబ స్త్రీలు కెరంగ్ అనే మొక్క నారతో చారల వస్త్రం నేసేవారు. పండుగనాడు చేయీ చేయీ కలిపి వారు ఆడే ధెంసా నృత్యం అరకు లోయలోనూ ప్రసిద్ధం.

లమ్తపుట్ దాటి వెళితే డుడుమ జలపాతం. మాచ్‌ఖండ్ నది ఇక్కడ అయిదువందల అడుగులకు పైగా ఎత్తునుంచి లోయలోకి దూకుతుంది. దీనిని మత్స్యతీర్థమని కూడా అంటారు. నీటి తుంపరలు పొగవలె లేస్తాయి. అయితే వేసవిలో వచ్చినవారు సన్నని ధారను చూసి నిరాశపడతారు. అందుకు కారణం ఉంది. జోలాపుట్ నుంచి వచ్చిన నీటిని జలపాతానికి ఎగువన మరో ఆనకట్ట ఆపుతుంది. ఆ నీటిలో ఎక్కువ భాగం కాలువ గుండా, తర్వాత ఇనుప గొట్టాల గుండా కిందనున్న ఒనకఢిల్లీ విద్యుత్కేంద్రానికి మళ్లుతుంది. జలపాతంగా దూకవలసిన నీరు చక్రాలు తిప్పి దీపాలు వెలిగిస్తున్నది.

ఈ కేంద్రంలో 17 మెగావాట్లవి మూడు, 23 మెగావాట్లవి మూడు యంత్రాలు, మొత్తం 120 మెగావాట్లు. 1955లో మొదటి యంత్రం పనిచేయడం ప్రారంభించింది. రెండు రాష్ట్రాలు కలిసి నడుపుతున్న కేంద్రమిది.

ఒనకఢిల్లీలో గురువారం సంత. బొండా, గదబ, పరజ స్త్రీలు పసుపు, అల్లం, చోళ్లు, కూరగాయలు తెచ్చి అమ్ముకొని, ఉప్పు, నూనె కొనుక్కొని పోతారు. బొండా స్త్రీల పూసల నగలను చూడడానికి ఒకప్పుడు దూరదేశాల నుంచి కెమెరాలతో వచ్చేవారు. సంతకు వచ్చినవారి పని కొనడం, అమ్మడం. వచ్చినవారు వారినే వింత వస్తువుగా చేసేవారు. అందువల్ల 2012లో ఒడిశా ప్రభుత్వం బొండాల వంటి తెగల పల్లెలకు యాత్రికులు వెళ్లడంపైన, వారిని ఫోటోలు తీయడంపైన ఆంక్షలు విధించింది. తన ఇంటి ముందు ఎవరో వచ్చి, అడగకుండా తన తల్లిని ఫోటో తీస్తే ఎవరైనా ఊరుకుంటారా?

నీటి వెంట

ఒనకఢిల్లీ దాటిన నది సీలేరు అనే పేరు ధరిస్తుంది. చిత్రకొండ దగ్గర బలిమెల ఆనకట్ట దానిని మళ్లీ ఆపుతుంది. ఆ జలాశయం వల్ల 151 గ్రామాలకు బయటి ప్రపంచంతో దారి తెగిపోయింది. రోగిని ఆసుపత్రికి తేవాలన్నా పడవే దిక్కు. ఎన్నో ఏళ్ల తర్వాత, 2018లో, 910 మీటర్ల పొడవైన గురుప్రియ వంతెన తెరిచాక వారికి రోడ్డు దారి దొరికింది.

కొలాబ్ నది దిగువకు పోయి శబరి అవుతుంది. సీలేరు మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. లమ్తపుట్ కొండలలో కురిసిన వాన చివరకు గోదావరి డెల్టాలో వరిచేను తడుపుతుంది. రాజమండ్రి రేవులో స్నానం చేసేవారి చేతిలోని నీటిలో జోలాపుట్ నీరు కూడా ఉంటుంది.

ఈ కొండకోనలు అందమైనవి. ఆ అందాన్ని కళ్లారా చూడవలసిందే. సరస్సును చూసినప్పుడు దాని అడుగునున్న పొలాన్ని, దీపం వెలిగించినప్పుడు ఆ పొలం వదిలిపోయిన కుటుంబాన్ని తలచుకున్నవారి ప్రయాణం సార్థకమవుతుంది.

పదాలు - అర్థాలు

జలాశయం : నీరు నిలిచే చోటు
ముసిడి : విషపు గింజలు కాసే ఒక అడవి చెట్టు
చోళ్లు : రాగులు
ఆంక్ష : అడ్డు, కట్టుబాటు
సార్థకం : ప్రయోజనం కలది

ప్రశ్నలు

1. 'పుట్', 'పుట్టు' అనే మాటల వల్ల సరిహద్దు ప్రాంతాన్ని గురించి ఏమి తెలుస్తున్నది?
2. వేసవిలో డుడుమ జలపాతం సన్నగా ఉండడానికి కారణమేమి?
3. సదర్ రాళ్లను గదబలు ఎందుకు గౌరవిస్తారు?
4. జోలాపుట్ నుంచి గోదావరి వరకు నీరు పోయే దారిని వరుసగా వ్రాయండి.
5. జలాశయాల వలన లాభపడినవారెవరు? నష్టపోయినవారెవరు? మీ అభిప్రాయం పది వాక్యాలలో వ్రాయండి.

భాషాభ్యాసం

(అ) విడదీసి సంధి పేరు వ్రాయండి : జలాశయం, జగన్నాథాలయం.
(ఆ) 'కొండకోనలు' ఏ సమాసం? ఇటువంటివి మరి మూడు వ్రాయండి.

చేయవలసిన పని

మీ ఊరికి దగ్గరలోని చెరువు లేదా జలాశయం కట్టకముందు అక్కడ ఏముండేదో మీ తాతగారిని, నాయనమ్మను, అమ్మమ్మను అడిగి తెలుసుకొని వ్రాయండి.