అత్తకు తాలుకాయ ఎందుకు కనపడలేదు?

అమరావతి దగ్గర, కృష్ణ ఒడ్డున ఒక పల్లె అనుకుందాం. మిరపకాయ కోతల కాలం. కల్లాల నిండా ఎర్రటి కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయ ఏరుతున్నారు. మంచి కాయ ఒక పక్క, తెల్లగా పాలిపోయిన తాలుకాయ ఒక పక్క వేస్తున్నారు.

ఆ వరసలో ఒక అత్తా, కోడలూ ఉన్నారు. సాయంత్రం రైతు వచ్చి అత్త ముందున్న కుప్ప చూశాడు.

"ఏందమ్మా ఇది! తాలంతా మంచి కాయలో కలిపేశావు. రేపటి నుంచి నువ్వు రామాకు" అన్నాడు.

అత్త మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కోడలు అడిగింది.

"ఏందత్తా, కాయ కనపడటం లేదా?"

"కళ్ళ ముందు మంచు పట్టినట్టుందే అమ్మాయీ. ఎర్రదీ తెల్లదీ ఒకటే మాదిరిగా కనపడుతున్నాయి. రెండేళ్ళ నుంచీ ఇంతే."

"మరి చెప్పలేదే! ఆసుపత్రికి పోదాం."

"వయసు మీద పడితే కళ్ళు పోవా? ఇంకా ముదరనీలే. ముదిరితేగాని ఆపరేషన్ చెయ్యరంట. అయినా నా కళ్ళకు ఖర్చెందుకు? నేనేమన్నా చదవాలా, రాయాలా?"

ఈ మాటలు మీ ఇంట్లో కూడా విని ఉంటారు. అత్త చెప్పిన దాంట్లో నిజమెంత? తెలుసుకుందాం.

గడప గడపకూ వెళ్ళి లెక్క తీశారు

మన రాష్ట్రంలో చూపు లేని వాళ్ళు ఎంతమంది? ఎందువల్ల చూపు పోయింది? ఆసుపత్రిలో కూర్చుంటే ఈ లెక్క తెలియదు. ఆసుపత్రికి వచ్చిన వాళ్ళే అక్కడ కనపడతారు. రాని వాళ్ళ సంగతి ఎవరికి తెలుసు?

అందుకని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్ళు జనం దగ్గరకే వెళ్ళారు. ఇది లాభం కోసం నడిచే సంస్థ కాదు. 1987లో మొదలయింది. దీన్ని స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు మన గుంటూరు వైద్య కళాశాలలో చదువుకున్నారు. అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చారు. సినిమా దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం విరాళం ఇచ్చింది. అందుకే ఆయన పేరు పెట్టారు.

1996 నుంచి 2000 వరకు ఈ సంస్థ పెద్ద పరిశోధన చేసింది. డాక్టర్ లలిత్ దండోనా, డాక్టర్ రాఖీ దండోనా అందులో ముఖ్యులు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్లను ఎంచుకున్నారు. అవి హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నారు. పిల్లలనూ పెద్దలనూ కలిపి 10,293 మందికి కంటి పరీక్షలు చేశారు. కదలలేని వాళ్ళను ఇంటి దగ్గరే చూశారు.

ఏం తేలింది? వెయ్యి మందిలో సుమారు 18 మందికి చూపు లేదు. అలా చూపు లేని పది మందిలో ఆరుగురికి కారణం రెండే. ఒకటి శుక్లం. రెండోది సరైన కళ్ళజోడు లేకపోవటం. ఈ రెండూ నయం చేయగలిగినవే. అంటే ఆ ఆరుగురి చూపు పోయింది జబ్బు మొండిదై కాదు. వైద్యం అందక పోయింది.

ఇంకో సంగతీ తేలింది. చూపు లేకపోవటం బీదవాళ్ళలో ఎక్కువ. పల్లెల్లో ఎక్కువ. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ.

ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ?

మన ఇళ్ళ వైపు చూస్తే జవాబు దొరుకుతుంది. మగవాడికి కన్ను మసకబారితే వెంటనే బస్సెక్కిస్తాం. ఆడమనిషికి మసకబారితే "వంట చేసుకుంటూనే ఉందిగా" అనుకుంటాం. ఆమె చేతిలో డబ్బుండదు. ఒంటరిగా పట్నం పోలేదు. తోడు రావాలంటే ఇంకొకరి కూలి పోతుంది. "అందరి పనులూ అయ్యాక నా సంగతి" అని ఆమే వాయిదా వేస్తుంది. అందరి పనులూ ఎప్పటికీ అవవు.

అత్త కూడా రెండేళ్ళు అలాగే వాయిదా వేసింది.

శుక్లం అంటే ఏమిటి?

మన కంటిలో అద్దం లాంటి కటకం ఉంటుంది. వెలుతురు దాని గుండానే లోపలికి పోతుంది. వయసు పెరిగే కొద్దీ ఆ కటకం మసకబారుతుంది. దాన్నే శుక్లం అంటారు. కంట్లో పొర కమ్మిందని మనం అనేది చాలాసార్లు ఇదే. దీనికి చుక్కల మందు లేదు. ఆకు పసరు అసలే పోయకూడదు. పసరు పోస్తే కన్ను పుండు పడి, ఉన్న చూపూ పోవచ్చు.

ఆపరేషన్ ఒక్కటే దారి. మసకబారిన కటకం తీసేసి, కొత్త కటకం పెడతారు. ముదిరేదాకా ఆగాలనేది పాత మాట. ఇప్పుడు ఆగనక్కర్లేదు. పనికి అడ్డం వస్తోందంటే చేయించుకోవచ్చు. మరీ ముదిరితేనే కంటికి ప్రమాదం.

అత్త, కోడలు గుంటూరు వెళ్ళారు

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఒకరోజు అమరావతి బస్టాండులో గోడ మీద రాత చూసింది. కూడబలుక్కుని చదివింది. "ఉచిత కంటి పరీక్ష" అని ఉంది. మర్నాడు కూలి మానేసి అత్తను తీసుకుని వెళ్ళింది. అక్కడ చూసి గుంటూరు పంపారు. అమరావతి నుంచి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు. అన్నేళ్ళుగా అత్త దాటలేకపోయిన దూరం అంతే.

డాక్టరమ్మ రెండు కళ్ళూ చూసింది.

"కుడి కంట్లో శుక్లం ఉంది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. ఎడమ కంట్లో నీటికాసులు కూడా ఉన్నాయి. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. అక్కడ పోయిన చూపు ఇక రాదు. మిగిలింది కాపాడుకోవాలి. చుక్కల మందు ఒక్క పూట కూడా మానొద్దు" అంది.

"ముందే వస్తే ఈ కన్ను కూడా దక్కేదా అమ్మా?" అని కోడలు అడిగింది.

"చాలావరకు దక్కేది" అంది డాక్టరమ్మ.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అత్త కోడలి ముఖంలోకి చూసింది. "చిక్కిపోయావేందే!" అంది. కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నీటికాసులు దొంగలాంటివి. చాలామందికి నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి కొంచెం కొంచెం తగ్గుతుంది. అందుకే 40 ఏళ్ళు దాటిన వాళ్ళు బాధ లేకపోయినా కళ్ళు చూపించుకోవాలి. షుగరు జబ్బున్న వాళ్ళు ఏడాదికొకసారి తప్పకుండా చూపించుకోవాలి.

నలభై దాటితే చత్వారం

కోడలికి తోడుగా రాత్రి బడికి వచ్చే ఒకావిడకు 45 ఏళ్ళు. "అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నాకు చదువు రాదులే" అని బడి మానేసింది. ఆమె తెలివికి లోటు లేదు. అది చత్వారం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గటం అందరికీ సహజం. కళ్ళజోడు పెడితే సరిపోతుంది.

కళ్ళజోడు కూలిని కూడా పెంచుతుంది. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్ళు, ఆ పైన ఉన్న 751 మంది కూలీల మీద పరిశోధన జరిగింది. కొందరికి దగ్గరి చూపు కళ్ళజోళ్ళు ముందే ఇచ్చారు. మిగతా వాళ్ళకు తరువాత ఇచ్చారు. ముందు జోడు పెట్టుకున్న వాళ్ళ పని మిగతా వాళ్ళ కంటే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఈ సంగతి 2018లో వెల్లడయింది. ఆకు కోయటానికి పనికొచ్చిన కళ్ళజోడు కాయ ఏరటానికి పనికి రాదా?

లెక్క తేలాక ఏం చేశారు?

లెక్క తీసి ఊరుకుంటే లాభం లేదు. పల్లె మనిషి పట్నం రాలేకపోతే వైద్యమే పల్లెకు పోవాలి. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో తన మొదటి గ్రామీణ కంటి ఆసుపత్రి తెరిచింది. ఆ తరువాత సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున చిన్న దృష్టి కేంద్రాలు పెడుతూ వచ్చింది. ఆ చుట్టుపక్కల యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి అక్కడ పనిలో పెట్టింది. వాళ్ళు కళ్ళు పరీక్షిస్తారు. కళ్ళజోళ్ళు ఇస్తారు. ఆపరేషన్ కావలసిన వాళ్ళను పెద్ద ఆసుపత్రికి పంపుతారు. డబ్బు కట్టలేని వాళ్ళకు వైద్యం ఉచితం. 2011లో విజయవాడ దగ్గర తాడిగడపలో కూడా ఈ సంస్థ ఆసుపత్రి వచ్చింది. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. అదీ లాభాపేక్ష లేనిదే.

చూపు రాని వాళ్ళ మాటేమిటి?

ఆ పల్లెలోనే ఒక పన్నెండేళ్ళ పిల్ల ఉంది. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. "పాపం" అని ఇంట్లోనే కూర్చోబెట్టారు. ఆ పిల్లకు కావలసింది జాలి కాదు, చదువు. ఆరు చుక్కల బ్రెయిలీ లిపిని వేళ్ళతో తడిమి చదవవచ్చు. తెలుగు కూడా బ్రెయిలీలో ఉంది. తెల్ల కర్ర సాయంతో ఒంటరిగా నడవటం నేర్చుకోవచ్చు.

వికలాంగుల సంఘాలు ఎన్నో ఏళ్ళు పోరాడాయి. 1995లో ఒక చట్టం వచ్చింది. 2016లో దాని స్థానంలో ఇంకా బలమైన చట్టం వచ్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత చదువు ఈ చట్టం ఇచ్చిన హక్కు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా కూడా ఉంది. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛనును 2024 జూలైలో 6,000 రూపాయలకు పెంచారు. వీటికి డాక్టర్లు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అడగటానికి మొహమాటం వద్దు.

మన వీధి లెక్క మనమే తీద్దాం

ఇప్పుడు మీకు రాయటం వచ్చు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. నలుగురు కలిసి మీ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళండి. ముసలివాళ్ళను మరవకండి. వెలుతురులో నిలబెట్టండి. ఒక కన్ను అరచేత్తో మూసుకోమనండి. ఇరవై అడుగుల దూరం నుంచి వేళ్ళు చూపించి ఎన్నో అడగండి. తరువాత రెండో కన్ను. చెప్పలేకపోతే ఆ పేరు రాసుకోండి. చెప్పినా, మసకగా ఉందంటే ఆ పేరూ రాయండి. ఆ కాగితం మీ ఆశా కార్యకర్తకు ఇవ్వండి. ఎవరికి తోడు ఎవరు వెళ్ళాలో కూడా ఆ రోజే రాసుకోండి. తోడు లేకనే చాలా కళ్ళు ఆగిపోయాయి.

ఆ పల్లెలో కోడలు రాసిన మొదటి పేరు బడి మానేసిన ఆవిడది. రెండో పేరు ఆ పన్నెండేళ్ళ పిల్లది. ఇళ్ళు చూపిస్తూ ముందు నడిచింది అత్త.

చెప్పండి

1. అత్త రెండేళ్ళు ఎందుకు ఆగింది? ఆగినందువల్ల ఏం పోయింది?
2. శుక్లానికీ, నీటికాసులకూ తేడా ఏమిటి?
3. చూపు లేని పది మందిలో ఎంతమందికి నయం చేయగలిగిన కారణాలు ఉన్నాయి?
4. మీ ఇంట్లో చివరిసారి కళ్ళు చూపించుకున్నది ఎవరు? ఇంకా చూపించుకోని వాళ్ళు ఎవరు? పేర్లు రాయండి.