సవరణకు తగిన సమీక్షకులు

ఒకరి చేత మొదలై, వేలమంది చేతుల్లో పెరిగే రచనలు కొన్ని ఉంటాయి. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అటువంటిదే. దాని కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు, ఆ సవరణను మూలంలో చేర్చుకొమ్మని కోరవచ్చు. అలా పంపే సవరణకే ప్యాచ్ అని పేరు. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నల్ ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం ఆ కెర్నలే.

ఇందులో కొత్తగా చేరేవారు తరచు శుభ్రతా సవరణలతో పని ప్రారంభిస్తారు. అక్షరదోషాలను దిద్దడం, పంక్తుల అమరికను సరిచేయడం, నిరుపయోగమైన భాగాలను తొలగించడం ఇందులోనివి. ఇవి ప్రోగ్రామ్ చేసే పనిని మార్చవు గదా, ఎవరు చూసినా చాలునని అనిపిస్తుంది. ఆ భావన ఎంత ప్రమాదకరమో ఒక ఉదంతం వల్ల తెలుస్తుంది.

రహస్య సంకేతీకరణకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లోని రెండు పంక్తులను 2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీవారు తమ ప్రతిలో నిలిపివేశారు. దోషాలను వెదికే సాధనం అక్కడ మాటిమాటికి హెచ్చరించడమే కారణం. ముందుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చర్చావేదికలో అడిగారు. దోషాన్వేషణకు ఉపకరిస్తే తొలగించవచ్చునన్న ధోరణిలో జవాబు వచ్చింది. కాని పూర్తి సవరణ మూలకర్తల పరీక్షకు వెళ్లలేదు. నిలిపివేసిన వాటిలో ఒక పంక్తి రహస్య సంఖ్యలకు ప్రాణం వంటిది. అది లేనందున ఒక్కొక్క రకంలో, ఒక్కొక్క పరిమాణంలో దాదాపు 32,768 తాళపుచెవులు మాత్రమే సాధ్యమయ్యాయి. వాటన్నింటినీ ముందే లెక్కగట్టి ఉంచుకోవడం దుండగులకు సులభం. ఈ లోపాన్ని 2008 మే 13న ప్రకటించినప్పుడు ఎందరో తమ తాళపుచెవులను మార్చుకోవలసి వచ్చింది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులకు ఇటువంటిది కొత్త కాదు. తనకు అర్థం కాని పదాన్ని తప్పుగా భావించి లేఖకుడు దిద్దిన చోట సాధుపాఠమే లుప్తమవుతుంది. ఆ కావ్యం తెలిసినవాడు చూస్తేనే ఆ పొరపాటు పట్టుబడుతుంది.

మరి తెలిసినవారిని కనుగొనడం ఎలా? లినక్స్ కోడ్‌లోనే ‘మెయింటైనర్స్’ అనే పట్టిక ఉన్నది. ఏ భాగానికి ఎవరు నిర్వాహకులు, ఏ ఫైళ్లు వారి పరిధిలోనివి, ఆ భాగం పోషణలో ఉన్నదా లేక అనాథగా మిగిలినదా అనే వివరాలు అందులో ఉంటాయి. ‘గెట్ మెయింటైనర్’ అనే చిన్న ప్రోగ్రామ్‌కు ప్యాచ్‌ను అందిస్తే, ఆ పట్టికను చూసి తగిన పేర్లను సూచిస్తుంది. అవసరమైతే గిట్‌లో భద్రమైన మార్పుల చరిత్రను కూడా వెదుకుతుంది.

అయితే యంత్రం చూపిన పేర్లన్నీ సమానం కావు. ఎప్పుడో ఆ ఫైలులో ఒక అక్షరదోషం దిద్దినవారి పేరు కూడా చరిత్రలో కనిపిస్తుంది. ఆ భాగాన్ని రచించినదెవరు, సవరణలను పరీక్షించి స్వీకరిస్తున్నదెవరు అన్నది మనమే వివేచించాలి. అనేక భాగాలకు చెందిన మార్పులను ఒకే మూటగా పంపరాదు. ఏ భాగానికి ఆ భాగంగా విడదీసి, ఎవరిది వారికి పంపాలి. ఏమి మార్చామో కన్న ఎందుకు మార్చామో స్పష్టంగా వ్రాయాలి. కనీసం ఒక వారం వేచి, జవాబు రాకుంటే మర్యాదగా గుర్తు చేయాలి. నిర్వాహకులెవరూ దొరకని పక్షంలో చివరి దిక్కుగా ఆండ్రూ మోర్టన్ పేరును కెర్నల్ నియమావళియే పేర్కొన్నది.

నిర్వాహకుల కాలం కూడా విలువైనదే. ప్రయోజనం లేని శుభ్రత వారికి భారమవుతుంది. అదే చోట ఇతరులు చేస్తున్న పనికి అడ్డు తగులుతుంది. అందుచేత కొందరు కేవలం అమరికకు సంబంధించిన ప్యాచ్‌లను స్వీకరించరు. ఆ నిరాకరణను అవమానంగా భావించరాదు.

దిద్దగల నేర్పు ఒక విద్య. దిద్దినదానిని ఎవరికి చూపాలో ఎరగడం మరొక విద్య. మొదటిది రెండవదాని తోడుతోనే లోకానికి ఉపకరిస్తుంది.

ప్రశ్నలు
1. డెబియన్ ఉదంతం శుభ్రతా సవరణలను గురించి ఏమి తెలియజేస్తున్నది?
2. తగిన సమీక్షకులను గుర్తించే విధానాన్ని వివరించండి.
3. గ్రంథ పరిష్కరణకు, కోడ్ సవరణకు గల పోలికను సొంత మాటల్లో వ్రాయండి.