చీకటి గుహలో నిద్ర వేళ ఎలా తెలుస్తుంది?

పిల్లలూ! బనగానపల్లె దగ్గర యాగంటి కొండలోని గుహలను మీలో కొందరైనా చూచే ఉంటారు. వెలుగు సోకని గుహలో, గడియారం లేకుండా రెండు నెలలు ఉండవలసివస్తే, నిద్రవేళ అయిందని ఎలా తెలుస్తుంది?

1962లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు మిషెల్ సిఫ్ర్ ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలో ఇలాగే ఒంటరిగా గడిపాడు. పడుకునేముందు, లేవగానే పైనున్న మిత్రులకు ఫోను చేసేవాడు. వారు వేళ రాసుకునేవారు. ఆయన బయటికి వచ్చిన రోజు సెప్టెంబరు 14. ఆయన లెక్కలో మాత్రం ఆగస్టు 20! రోజుల లెక్క తప్పింది కాని నిద్ర తప్పలేదు. సుమారు 24 గంటల 30 నిమిషాలకొకసారి అది క్రమంగా వచ్చింది.

అంటే గడియారం మన లోపలే ఉందన్నమాట! మెదడు అడుగుభాగాన హైపోథలామస్‌లో ఉన్న చిన్న నాడీకణాల గుంపే ఆ గడియారం. రోజూ కంటిలో పడే పగటి వెలుగు దాన్ని సరిచేస్తుంది. చీకటి పడితే పీనియల్ గ్రంథి నుండి మెలటోనిన్ అనే హార్మోను వెలువడి, రాత్రి అయిందని శరీరానికి తెలుపుతుంది.

నిద్రకు మరో కారణం కూడా ఉంది. కణాలకు శక్తినిచ్చే పదార్థం ఎ.టి.పి. దీనిని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మేలుకొని ఉన్నంతసేపు ఎ.టి.పి. ఖర్చవుతూ, మెదడులో అడినోసిన్ పేరుకుంటుంది. అందుకే కళ్ళు మూతలు పడతాయి. నిద్రపోతే అది తగ్గుతుంది. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. మత్తు వదిలినట్లుంటుంది కాని నిద్ర బాకీ తీరదు.

బాకీ తీర్చకపోతే ఏమవుతుంది? షికాగో విశ్వవిద్యాలయంవారు 11 మంది యువకులను 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. రక్తంలోని గ్లూకోజును శరీరం వాడుకోవడం మందగించిందని 1999లో ప్రకటించారు. అక్కడే జరిగిన మరో పరిశోధనలో, రెండు రాత్రులు నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది. ఈ ఫలితం 2004లో వెలువడింది. నిద్ర తగ్గితే తిండి లెక్క కూడా తప్పుతుందన్నమాట!

మీ వయసువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివిన పాఠం మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే. కనుక పరీక్షల ముందు తెల్లవార్లూ మేలుకోవడం లాభసాటి బేరం కాదు.

ఒక పని చేయండి. వారం రోజులు మీరు పడుకున్న వేళ, లేచిన వేళ, తరగతిలో కునుకు వచ్చిన వేళ నోటుపుస్తకంలో రాయండి. మీ బాకీ ఎంతో మీకే తెలుస్తుంది.