ఇంటి పని కూడా పనే

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లను కార్మికులు అంటాం. మరి ఇళ్లల్లో అంట్లు తోమి, బట్టలు ఉతికి, ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్లను ఏమంటాం? పనిమనిషి అంటాం. వాళ్లు కార్మికులు కారా?

యూరప్ ఖండంలో స్పెయిన్ అనే దేశం ఉంది. అక్కడ ఈ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. ఆ సంగతి తెలుసుకుందాం.

స్పెయిన్‌లో కార్మికులకు సామాజిక భద్రత ఉంది. అంటే ఏమిటి? నెలనెలా కార్మికుల జీతంలోంచి కొంత, యజమాని కొంత చందా కడతారు. జబ్బు చేసినా, ముసలితనం వచ్చినా ఆ నిధిలోంచి డబ్బు అందుతుంది. పని పోతే కొన్ని నెలలు భృతి కూడా ఇస్తారు. దాన్ని నిరుద్యోగ భృతి అంటారు.

2012లో ఇంటి పనివాళ్లను కూడా మిగతా కార్మికులతో కలిపారు. కాని నిరుద్యోగ భృతి మాత్రం వాళ్లకు ఇవ్వలేదు. ఇంటివాళ్లు "రేపటినుంచి రావద్దు" అంటే ఇంకో ఇల్లు వెతుక్కోవాల్సిందే. అందాకా భృతి లేదు.

2019లో ఒక ఇంటి పనామె దరఖాస్తు పెట్టుకుంది. భృతి కోసం నేనూ చందా కడతాను, నాకూ ఆ హక్కు ఇవ్వండి అని అడిగింది. ఆమె యజమాని కూడా ఒప్పుకుని రాసి ఇచ్చారు. అయినా అధికారులు కుదరదన్నారు. ఆమె ఊరుకోలేదు. వీగో నగరంలోని కోర్టుకు వెళ్లింది. ఆ కోర్టు యూరప్ దేశాల పెద్ద కోర్టును అడిగింది. అది లక్సెంబర్గ్‌లో ఉంది.

ప్రభుత్వం ఏమని వాదించింది? చందా భారం పెరిగితే ఇళ్లవాళ్లు పనివాళ్లను మానిపిస్తారు, లేకపోతే దొంగచాటుగా పెట్టుకుంటారు అంది.

2022 ఫిబ్రవరి 24న పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. ఇళ్లల్లో పనిచేసే తోటమాలికి, కారు డ్రైవరుకు ఈ భృతి ఉంది. ఇంటి పనివాళ్లకే లేదు. వాళ్లలో నూటికి 95 మందికి పైగా ఆడవాళ్లే. కాబట్టి ఈ నియమం ఆడవాళ్లనే దెబ్బతీస్తోంది. ఇది వివక్ష అని కోర్టు తేల్చింది.

అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం చట్టం మార్చింది. అక్టోబరు 1 నుంచి భృతి కోసం చందా కట్టడం తప్పనిసరి అయింది. ఆరేళ్లలో మొత్తం 360 రోజులకు చందా ఉంటే, పని పోయినప్పుడు 120 రోజుల భృతి వస్తుంది. ఎక్కువ రోజులు కడితే ఎక్కువ రోజులు వస్తుంది. కారణం చెప్పకుండా పనిలోంచి తీసేయడానికి వీల్లేదు. 2024లో ఇంకో నియమం వచ్చింది. ఇంటి పనిలో ప్రమాదాలు జరగకుండా చూసే బాధ్యత యజమానిదే అని అందులో ఉంది.

అందరి కష్టాలూ తీరాయా? తీరలేదు. అక్కడ కూడా కాగితం మీద పేరు లేకుండా పనిచేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. పేరు లేదు కాబట్టి చందా లేదు. చందా లేదు కాబట్టి భృతి లేదు. పనిచేస్తే చాలదు. పనిచేస్తున్నట్టు రాత ఉండాలి. ఆ రాతలో ఏముందో మనం చదువుకోగలగాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. తోటమాలికి ఉన్న హక్కు ఇంటి పనామెకు ఎందుకు లేకుండా పోయింది?
2. యజమాని ఒప్పుకున్నా ఆమె కోర్టుకు ఎందుకు వెళ్లాల్సి వచ్చింది?
3. మీ వాడలో ఇంటి పని చేసేవాళ్లు ఎవరున్నారు? పని పోతే వాళ్లకు ఆధారం ఏమిటి?
4. ఈ మాటలు రాయండి: చందా, భృతి, హక్కు, దరఖాస్తు, తీర్పు.