రాతి గుండ్లు – ప్రయోజన విచారము

తెలుగున 'గుండు' శబ్దము బహ్వర్థకము. రోటిలో నూరునది గుండ్రాయి. వడిసెలతో విసరునది గుండు. తాపీ పనివాడు గోడ నిలువు చూచుటకు వ్రేలాడదీయునదియు గుండే. ఫిరంగి నుండి వెడలునదియు గుండే. ఆకారమొక్కటి, ప్రయోజనములు పెక్కు. కావున ప్రాచీనమైన రాతి గుండు కంటబడినపుడు కేవలము రూపమును బట్టి దాని ప్రయోజనమును నిర్ణయింపరాదు.

ఈ విషయమునకు స్కాట్లాండు దేశపు చెక్కడపు గుండ్లు చక్కని నిదర్శనము. సుమారు 5000 సంవత్సరముల నాటి ఈ గుండ్లు 400లకు పైగా లభించినవి. పెక్కింటి వ్యాసము 7 సెంటీమీటర్లు. అనేకములకు ఆరు బొడిపెలు కలవు. టోవీ గ్రామమున లభించిన దానిపై సర్పిలాకృతులు కలవు. ఇవి ఆయుధములని కొందరు, తూనికరాళ్లని కొందరు, అధికార చిహ్నములని మరికొందరు తలచిరి. ఏ వాదమును సిద్ధాంతము కాలేదు. కారణము స్పష్టము: వానిలో అత్యధిక భాగము పొలములలో విడిగా దొరికినవి, వాని చెంత నేమున్నదో నమోదు కాలేదు.

దక్కను నవీన శిలాయుగ స్థావరములలో నునుపు గొడ్డళ్లతో, నూరుడు రాళ్లతో పాటు సాదా రాతి గుండ్లును లభించినవి. నూరుడు బండ చెంత నున్నది దంపుటకు, గుట్టగా పడియున్నవి వడిసెలకు అని ఊహించుటకు తావు కలదు. ఎలగందుల, జగిత్యాల, రామగిరి కోటల పరిసరములలో దొరకు గుండు మాత్రము ఫిరంగి కాలపుది కావచ్చును.

స్థలమును గుర్తించుటలో ఊరి పేరు మాత్రమే చాలదు. 1957లో ఆల్చిన్ పండితుడు త్రవ్విన నవీన శిలాయుగపు బూడిద దిబ్బ గల ఉట్నూరు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు వేరు. ఈ భేదమును మరచినచో ఒక సీమ సంస్కృతిని మరొక సీమకు అంటగట్టినట్లగును.

స్థలజ్ఞానము యొక్క ఫలమును కోటిలింగాల నాణెములు చాటుచున్నవి. చిముక సాతవాహనుని పేరు గల నాణెములు ఈ గోదావరీ తీరమున లభించినవని తెలియుటచేతనే సాతవాహనుల ఆరంభ చరిత్రలో కరీంనగర్ సీమకు స్థానము లభించినది. దొరికిన చోటు తెలియకున్న అవి ఒక రాజు పేరును మాత్రమే తెలిపెడివి.

నాణెమునకు అక్షరమైనను కలదు. గుండునకు అదియు లేదు. దాని చోటే దాని శాసనము. కావున పొలము దున్నునపుడు గాని, చెరువు పూడిక తీయునపుడు గాని ఇట్టి గుండు కనబడినచో కదల్పక, ఊరు, లోతు, చెంతనున్న పెంకులు, ఎముకలు, బూడిద మున్నగువానిని వ్రాసికొని పురావస్తు శాఖకు తెలుపుట కర్తవ్యము. ఒకసారి కదలిన గుండు మరల మూగరాయియే.